లేబుల్ మీద చోటు చాలలేదట!

1964 మే 18న లండన్‌లోని ఒక స్టూడియోలో ఐదుగురు కుర్రాళ్ళు ఒక పాట రికార్డు చేశారు. ఇంగ్లండు ఉత్తరాన ఉన్న న్యూకాసిల్ నుంచి వచ్చిన 'ది యానిమల్స్' అనే రాక్ బృందం వాళ్ళది. పాట పేరు 'ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్'. చక్ బెర్రీతో కలిసి ఊరూరా కచేరీలు చేస్తూ మధ్యలో లండన్ వచ్చి, ఒకే టేకులో పాడేసి వెళ్ళారు. నాలుగున్నర నిమిషాల పాట. మూడు నిమిషాలు దాటితే రేడియోలు మొహం చిట్లించే రోజులవి. అయినా జులైలో బ్రిటన్‌లో, సెప్టెంబరులో అమెరికాలో అది మొదటి స్థానానికి చేరింది. ఇవాళ్టికీ గిటారు నేర్చుకునేవాళ్ళు తొలినాళ్ళలో వాయించే పాటల్లో ఇదొకటి.

ఆ రికార్డు లేబుల్ మీద పాటకి కర్తగా ఎవరి పేరూ లేదు. అది సంప్రదాయ గీతమనీ, అరేంజ్‌మెంట్ అలన్ ప్రైస్‌దనీ మాత్రం ఉంది. ప్రైస్ ఆ బృందంలో ఆర్గన్ వాయించేవాడు. పాడినవాడు ఎరిక్ బర్డన్. పాట మొదలవగానే తీగల్ని ఒక్కొక్కటిగా మీటుతూ వినిపించే గిటారు హిల్టన్ వాలెంటైన్‌ది. బేస్ గిటారు చాస్ చాండ్లర్, డ్రమ్స్ జాన్ స్టీల్. మిగతా నలుగురి పేర్లూ ఏమైనట్టు? బర్డన్ చెప్పిన కారణం ఇది: లేబుల్ మీద ఐదు పేర్లకి చోటు చాలలేదు, ఇంగ్లీషు అక్షర క్రమంలో అలన్ ముందొస్తాడు కాబట్టి అతని పేరొక్కటీ వేశారు.

చూడ్డానికి చిన్న విషయమే. కానీ పాత పాటకి కొత్త అరేంజ్‌మెంట్ చేసినవాళ్ళకి రచయిత వాటా రాయల్టీగా దక్కుతుంది. లేబుల్ మీద ఎవరి పేరు ఉంటే డబ్బు వాళ్ళకే చేరుతుంది. 1965లో ప్రైస్ బృందాన్ని వదిలి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళలో ఆ కడుపుమంట దశాబ్దాల పాటు చల్లారలేదు. రాక్ సంగీత చరిత్రలు రాసేవాళ్ళు ఈ తగవుని ఇష్టంగా చెప్పుకుంటారు. న్యాయం ఎవరి వైపు ఉంది, గిటారు గొప్పదా, ఆర్గన్ గొప్పదా, గొంతు గొప్పదా అని వాదించుకుంటారు.

వాలెంటైన్‌కి అన్యాయం జరిగిందనే నాకూ అనిపిస్తుంది. ఆ గిటారు లేకుండా ఆ రికార్డుని ఊహించలేం. అయితే ఒక స్త్రీవాద పాఠకురాలిగా ఈ తగవుని చదువుతుంటే వేరే ప్రశ్న నన్ను వదలదు. ప్రైస్ పేరు పక్కన పట్టని నాలుగు పేర్ల గురించి ఇంత చర్చ జరిగింది. దానికి ముందున్న 'సంప్రదాయ గీతం' అనే మాట గురించి ఇందులో పదో వంతు చర్చ కూడా ఎందుకు జరగలేదు? ఆ ఒక్క మాట కింద ఎన్ని పేర్లు పట్టాయి? వాటిలో ఆడవాళ్ళవి ఎన్ని?

పాట దారిని వెనక్కి పట్టుకుని వెళ్దాం. యానిమల్స్‌కి ఈ పాట ఎలా తెలిసిందన్న దానిమీద వాళ్ళలో వాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. న్యూకాసిల్‌లో ఒక జానపద గాయకుడి దగ్గర విన్నానని బర్డన్ అన్నాడు. బాబ్ డిలన్ రికార్డు నుంచే వచ్చిందని మరికొందరన్నారు. డిలన్ వాడిన స్వర సముదాయాన్నే తీసుకుని గిటారు మీద విడగొట్టి వాయించానని వాలెంటైన్ ఒప్పుకున్నాడు. డిలన్ 1961లో ఈ పాటని రికార్డు చేశాడు. 1962లో వచ్చిన అతని మొదటి ఆల్బంలో అది ఉంది. డిలన్‌కి ఎక్కడిది? న్యూయార్కు గ్రీనిచ్ విలేజ్‌లో పాడుకునే డేవ్ వాన్ రాంక్ దగ్గరిది. వాన్ రాంక్ ఈ పాటకి మెట్టు మెట్టుగా దిగే మంద్ర స్వరాలతో కొత్త నడక ఇచ్చాడు. తానే రికార్డు చేద్దామనుకుంటుండగా, డిలన్ ముందు రికార్డు చేసేసి, తర్వాత అనుమతి అడిగాడు.

ఈ కథకి ఒక తోక ఉంది. డిలన్ రికార్డు వచ్చాక వాన్ రాంక్ ఈ పాట పాడితే డిలన్‌ని అనుకరిస్తున్నాడని జనం అన్నారు. దాంతో పాడటం మానేశాడు. యానిమల్స్ రికార్డు వచ్చాక డిలన్ పాడితే యానిమల్స్‌ని అనుకరిస్తున్నాడన్నారు. దాంతో అతనూ మానేశాడు. వాన్ రాంక్ ఈ సంగతి నవ్వుతూ చెప్పేవాడు. 2005లో వచ్చిన అతని స్వీయచరిత్రలో ఉంది, అదే ఏడాది డిలన్ మీద వచ్చిన డాక్యుమెంటరీలోనూ ఉంది. ఆ తర్వాత ఎందరో దాన్ని తిరిగి తిరిగి చెప్పారు.

అదే స్వీయచరిత్రలో అదే చోట వాన్ రాంక్ ఇంకో మాట కూడా రాశాడు. తను ఈ పాటని 1950లలో హ్యాలీ వుడ్ రికార్డు విని నేర్చుకున్నాననీ, ఆమె దాన్ని కెంటకీకి చెందిన జార్జియా టర్నర్ అనే స్త్రీ పాడిన క్షేత్ర రికార్డింగు నుంచి తీసుకుందనీ స్పష్టంగా చెప్పాడు. హ్యాలీ వుడ్ అంటే సినిమాల ఊరు కాదు. టెక్సస్‌కి చెందిన గాయని, జానపద గీతాల సేకర్త. వాన్ రాంక్ మగవాడే. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఇద్దరు ఆడవాళ్ళ పేర్లూ చెప్పాడు. డిలన్ మీది ఛలోక్తి పాకినట్టు ఈ మాట పాకలేదు. మగవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు ఎత్తుకోవడం కథ అయింది. ఆడవాళ్ళ దగ్గర నేర్చుకోవడం కథ కాలేకపోయింది.

జార్జియా టర్నర్ ఎవరు? కెంటకీ రాష్ట్రంలో బొగ్గు గనుల ఊరు మిడిల్స్‌బరో. అక్కడి గని కార్మికుడి కూతురు. 1937 సెప్టెంబరు 15న, తనకి పదహారేళ్ళప్పుడు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున పాటలు సేకరించడానికి వచ్చిన అలన్ లోమాక్స్ రికార్డింగు యంత్రం ముందు ఈ పాట పాడింది. అప్పటికి లోమాక్స్‌కి ఇరవై రెండేళ్ళు. 1941లో అలన్, అతని తండ్రి జాన్ లోమాక్స్ కలిసి 'అవర్ సింగింగ్ కంట్రీ' అనే సంకలనం వేశారు. అందులో ఈ పాట 'రైజింగ్ సన్ బ్లూస్' పేరుతో జార్జియా టర్నర్ పేరు మీదే అచ్చయింది. కొన్ని అదనపు చరణాలు కెంటకీకే చెందిన బర్ట్ మార్టిన్ అనే అతనివని కూడా అందులో ఉంది. అంటే 1964కి ఇరవై మూడేళ్ళ ముందే, పేరూ ఊరూ పుస్తకంలో అచ్చై ఉన్నాయి.

ఈ సంగతి మనం జాగ్రత్తగా గమనించాలి. అజ్ఞాత కవుల్లో చాలామంది స్త్రీలే అయి ఉంటారని వర్జీనియా వూల్ఫ్ 1929లోనే ఊహించింది. స్త్రీవాద విమర్శకి ఆ ఊహ ఎంతో బలం ఇచ్చింది. పేరు లేని పాట కనబడితే దాని వెనక ఒక స్త్రీ ఉందేమోనని వెతకడం అప్పటి నుంచీ మనకి అలవాటైంది. కానీ జార్జియా టర్నర్ అజ్ఞాత కాదు. ఆమె పేరు తెలుసు, వయసు తెలుసు, ఊరు తెలుసు, పాడిన తేదీ తెలుసు, గొంతు డిస్కు మీద ఉంది. ఆ రికార్డింగుని ఇవాళ ఇంటర్నెట్‌లో ఎవరైనా వినవచ్చు. అజ్ఞాతం ఆమెకి సహజంగా వచ్చింది కాదు, తర్వాత వచ్చి పడింది. గ్రంథాలయంలో ఉన్న పేరు మార్కెట్లోకి వచ్చేసరికి 'సంప్రదాయం' అయిపోయింది. పేరు లేకపోవడం ఒకటి, ఉన్న పేరుని రాయకపోవడం ఇంకొకటి. మనం ఈ రెంటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నాం. అలా కడితే రెండో దానికి బాధ్యులు లేకుండా పోతారు.

ఇక్కడితో ఆగి, 'ఈ పాట అసలు రచయిత్రి జార్జియా టర్నర్, మగవాళ్ళు దొంగిలించారు' అని తేల్చేస్తే బాగానే ఉంటుంది. కానీ అది నిజం కాదు. ఆమె ఈ పాట రాయలేదు, విని నేర్చుకుంది. 1933లోనే క్లారెన్స్ ఆష్లీ, గ్వెన్ ఫాస్టర్ అనే ఇద్దరు గాయకులు దీన్ని గ్రామఫోన్ రికార్డుగా ఇచ్చారు. గ్వెన్ అన్నా మగవాడే. తాతగారి దగ్గర నేర్చుకున్నానని ఆష్లీ అనేవాడు. అతను మగవాడి నోటనే పాడాడు. అంతకంటే ముందు 1925లో రాబర్ట్ విన్స్లో గోర్డన్ అనే పండితుడు 'అడ్వెంచర్' అనే పత్రికలో ఈ పాట పాఠాన్ని అచ్చు వేశాడు. ఇంతవరకూ దొరికిన అచ్చు పాఠాల్లో అదే పాతది. అందులో మాట్లాడేది స్త్రీ. ఇక గోర్డన్ శీర్షిక పేరు వింటే నవ్వొస్తుంది. తెలుగులో చెప్పాలంటే 'మగవాళ్ళు పాడిన పాత పాటలు'. చెడిపోయిన ఆడపిల్ల తన కథ తాను చెప్పుకునే పాట ఆ శీర్షిక కింద అచ్చయింది!

కాబట్టి మూలం కోసం వెతుకుతూ పోతే మనకి ఎవరూ దొరకరు. దొరక్కపోవడం మనకి నష్టం కూడా కాదు. ఒకే మూలం, ఒకే కర్త అనే ఆలోచనే రాయల్టీ చట్టం నుంచి, లేబుల్ నుంచి వచ్చింది. మౌఖిక సంప్రదాయంలో పాట పాఠాంతరాలుగా బతుకుతుంది. పాడిన ప్రతి మనిషీ దానికి ఏదో కలుపుతుంది, ఏదో తీసేస్తుంది. అయితే పాఠాంతరాలన్నీ సమానమే కదా అని చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. ఏది మారింది, ఎవరికి అనుకూలంగా మారింది అని అడగడమే విమర్శ చేయాల్సిన పని.

ఏం మారిందో చూద్దాం. జార్జియా టర్నర్ పాడిన పాఠంలో న్యూ ఆర్లియన్స్‌లోని ఒక ఇల్లు ఎందరో పేద ఆడపిల్లల బతుకుల్ని పాడుచేసింది. మాట్లాడే అమ్మాయి వాళ్ళలో ఒకతె. తల్లి బట్టలు కుట్టే మనిషి. ప్రియుడు తాగుబోతు. నాలా చేయొద్దని, ఆ ఇంటి వైపు పోవద్దని తన చెల్లెలికి చెప్పమంటుంది. తను మాత్రం తిరిగి అక్కడికే పోతున్నానంటుంది. డిలన్ ఈ పాటని పాడినప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాడు. అయినా ఆడపిల్ల నోటనే పాడాడు. ప్రియుడు తాగుబోతు బదులు జూదరి అయ్యాడు, అంతే. చెల్లెలు అలాగే ఉంది.

యానిమల్స్ పాఠంలో మూడు మార్పులు జరిగాయి. పేద ఆడపిల్లలు పేద కుర్రాళ్ళయ్యారు. ప్రియుడు ఉండాల్సిన చోటికి తండ్రి వచ్చి, జూదరి అయ్యాడు. చెల్లెలు మాయమై, తల్లులారా మీ పిల్లలకి చెప్పండి అనే హెచ్చరిక వచ్చింది. తల్లి మాత్రం కుట్టుపని చేస్తూనే ఉంది. ఎవరు మాట్లాడినా బట్టలు కుట్టడం ఆమెకి తప్పలేదు.

ఈ మూడు మార్పులూ ఒకదాన్నొకటి లాక్కొచ్చినవే. మాట్లాడేది మగవాడైతే అతన్ని పాడుచేసే ప్రియుడు కుదరడు. కాబట్టి తండ్రి కావాలి. తండ్రి జూదరి అయితే కొడుకు పతనం వారసత్వం అవుతుంది. ఆ ఇల్లు జూదగృహం అవుతుంది, మద్యం అవుతుంది, యవ్వనంలో దారి తప్పడం అవుతుంది. ఆడపిల్ల మాట్లాడినప్పుడు అది వేశ్యాగృహం. లేదా, వాన్ రాంక్ తర్వాతి రోజుల్లో న్యూ ఆర్లియన్స్‌లో ఒక పాత ఫొటో చూసి అనుకున్నట్టు, ద్వారం మీద ఉదయించే సూర్యుడి బొమ్మ ఉన్న ఆడవాళ్ళ జైలు. రెండింటిలో ఏదైనా అది ఆడవాళ్ళ శరీరాల్ని బంధించి ఉంచిన చోటు. మాట్లాడే మనిషి జెండర్ మారగానే ఇంటి అర్థమే మారిపోయింది. ఆడపిల్ల అక్కడికి తిరిగి వెళ్ళడానికి ఆకలి, అప్పు, మరో గడప లేకపోవడం లాంటి కారణాలు ఊహించుకోవచ్చు. కుర్రవాడు తిరిగి వెళ్తే అది వ్యసనమో విధో అవుతుంది. ఒకదానిలో సమాజం కనబడుతుంది. రెండోదానిలో వ్యక్తి బలహీనత కనబడుతుంది.

నాకు అన్నిటికంటే పెద్ద నష్టంగా కనిపించేది చెల్లెలు. ఆ పాటలో హెచ్చరిక ఒక ఆడపిల్ల నుంచి ఇంకో ఆడపిల్లకి వెళ్ళేది. తను బయటపడలేదు, కనీసం చెల్లెలయినా పడకూడదు. ఇది నీతిబోధ కాదు, సమాచారం. ఏ ఇల్లు ప్రమాదమో ఆడవాళ్ళు ఒకరికొకరు చెవిలో చెప్పుకునే సమాచారం. యానిమల్స్ పాఠంలో ఆ బరువు తల్లుల మీద పడింది. కొడుకు చెడిపోతే, ఇక మీదట పిల్లలు చెడిపోకుండా చూడాల్సింది తల్లులు! తండ్రి జూదం ఆడతాడు, కొడుకు గొలుసులు తొడుక్కుంటాడు, బాధ్యత తల్లికి. మన ఇళ్ళలో ఈ లెక్క కొత్తది కాదు.

యానిమల్స్‌ని ఈ ఒక్క కారణంతో దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మగవాడి నోట పాడింది వాళ్ళే మొదలు కాదని ఆష్లీ రికార్డు చెబుతోంది. బర్డన్ గొంతులో కార్మిక వర్గపు కుర్రవాడి కసి ఉంది, అది నిజమైనదే. నేను చెప్పేది ఇంకొకటి. జార్జియా నుంచి హ్యాలీకి, ఆమె నుంచి వాన్ రాంక్‌కి, అతని నుంచి డిలన్‌కి, అక్కడి నుంచి యానిమల్స్‌కి వచ్చిన ఈ ఒక్క దారిలో, లేబుల్ మీద పేరు మాయమవడమూ పాటలో ఆడపిల్ల మాయమవడమూ ఒకే రికార్డులో జరిగాయి. మాట్లాడే మనిషి ఆడదిగానే ఉండి ఉంటే, ఇంత బాధ ఎవరిది, ఎవరు చెప్పారు, ఎక్కడి నుంచి వచ్చింది అని వినేవాళ్ళకి ఒక్కసారైనా అనిపించేదేమో. మగవాడు తన కథగా పాడేసరికి ఆ ప్రశ్నకి తావే లేదు. పాడినవాడే అనుభవించినవాడు అనిపిస్తుంది. క్రెడిట్ గురించిన ప్రశ్న, కథ చెప్పే స్వరం గురించిన ప్రశ్న వేరు వేరు కావని నేననేది ఇందుకే.

ఈ దారిలో ఉన్న ఆడవాళ్ళు జార్జియా, హ్యాలీ మాత్రమే కాదు. 1937లో అలన్ లోమాక్స్ కెంటకీ కొండల్లో రెండు నెలలు తిరిగాడని సంగీత చరిత్రలు రాస్తాయి. ఆ ప్రయాణంలో అతని భార్య ఎలిజబెత్ కూడా ఉంది. అదే ఏడాది వాళ్ళ పెళ్ళయింది. ఇద్దరూ కలిసి చేసిన పర్యటన చాలా పుస్తకాల్లో ఒక్కడి పర్యటనగానే మిగిలింది.

ఇక 'అవర్ సింగింగ్ కంట్రీ' పుస్తకంలోని స్వరలిపి. డిస్కు మీదున్న గొంతుని కాగితం మీద స్వరాలుగా రాసింది రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆమె స్వయంగా ఆధునిక సంగీతంలో పేరున్న స్వరకర్త. సంగీత రచనకి గుగెన్‌హైమ్ ఫెలోషిప్ పొందిన మొదటి స్త్రీ, 1930లో. సంసారం, పిల్లలు, పాఠాలు చెప్పడం మధ్య ఈ పని చేసింది. ఒక్కో రికార్డింగుని పదే పదే, పదుల సార్లు విని, గాయకులు స్వరాన్ని ఎక్కడ జార్చారో, తాళంలో ఎక్కడ ఆగారో వదలకుండా రాసుకుంది. ఈ పాటల సంగీతం గురించి ఆమె రాసిన సుదీర్ఘమైన వ్యాసానికి పుస్తకంలో చోటు దొరకలేదు. బాగా కుదించిన ముందుమాటే అచ్చయింది. ఆమె 1953లో చనిపోయింది. పూర్తి వ్యాసం 2001లో గానీ పుస్తకంగా రాలేదు. చోటు చాలకపోవడం అనే సమస్య 1964 నాటి లేబుల్‌తో మొదలవలేదన్న మాట. 1941లో అంత చెవి కష్టానికీ, 1964లో నాలుగు పేర్లకీ చోటు చాలలేదు. నాలుగు పేర్ల గురించి మాత్రం మనం బాగా విన్నాం.

ఇంతకీ జార్జియా టర్నర్ ఏమైంది? పెళ్ళి చేసుకుని మిషిగన్ వెళ్ళింది, చాలామంది పిల్లల్ని కన్నది, ఊపిరితిత్తుల జబ్బుతో 1969లో నలభై ఎనిమిదేళ్ళకే చనిపోయింది. యానిమల్స్ పాట ప్రపంచమంతా మోగుతున్నప్పుడు ఆమె బతికే ఉంది. అరవైలలో ఆమెకి లోమాక్స్ ద్వారా కొంత రాయల్టీ అందింది, కానీ అది చాలా చిన్న మొత్తం. ఈ వివరాలు మనకి తెలియడానికి టెడ్ ఆంటనీ అనే పాత్రికేయుడు ఏళ్ళ తరబడి ఈ పాట వెంట తిరగాల్సి వచ్చింది. 2007లో వచ్చిన 'ఛేజింగ్ ది రైజింగ్ సన్' అతని పుస్తకం. గమనించండి, అతను వెతికితే దొరికింది. ఆమె కుటుంబం ఎక్కడికీ పారిపోలేదు. 1964లో రికార్డు కంపెనీకి వెతకాల్సిన అవసరం కూడా లేదు, అచ్చైన పుస్తకం తెరిస్తే చాలు. 'సంప్రదాయ గీతం' అని రాయడం అజ్ఞానమే కాదు, సౌకర్యం కూడా. ఆ మాట రాశాక ఎవరికీ ఏమీ బాకీ ఉండదు. అరేంజ్ చేసినవాడికి మాత్రం బాకీ ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. పాట అందరిదీ అని మనమే అంటాం. కాపీరైటు అనేది ప్రైవేటు ఆస్తి భావన అని మనమే విమర్శిస్తాం. మళ్ళీ జార్జియా పేరు మీద పట్టా రాయమంటే ఎలా? న్యాయమైన అభ్యంతరమే. కానీ పాట అందరిదీ అనే ఆదర్శం 1964లో ఎక్కడ అమలైంది? సంప్రదాయానికి అందరిదీ అని పేరు పెట్టి, అరేంజ్‌మెంట్ దగ్గరికి వచ్చేసరికి ఒకడిది చేశారు. ఉమ్మడి పొలంలో ఎవరైనా మేపుకోవచ్చు, కంచె మాత్రం నాది అన్నట్టు. నేను అడిగేది పట్టా కాదు. పాట ఎవరి గొంతుల మీదుగా వచ్చిందో ఆ వరస చెప్పమంటున్నాను. వాన్ రాంక్ ఒక్క వాక్యంలో చెప్పగలిగిన వరస అది. యజమాని ఎవరని అడిగితే మనకి ఒక్క పేరే కావాలి. మోసుకొచ్చింది ఎవరని అడిగితే ఎన్ని పేర్లకైనా చోటు ఉంటుంది. ఆ వరసలో వాలెంటైన్‌కీ చోటు ఉంటుంది, బర్ట్ మార్టిన్‌కీ ఉంటుంది. న్యాయం ఆడవాళ్ళకి మాత్రమే పనికొచ్చే వస్తువు కాదు.

పాటలోని ఆడపిల్ల పూర్తిగా చచ్చిపోలేదు. ఆమెని బతికించుకుంటూ వచ్చిన గాయనులు ఉన్నారు. యానిమల్స్‌కి ముందే 1960లో జోన్ బాయెజ్ తన మొదటి ఆల్బంలో పాడింది. 1962లో వచ్చిన నీనా సిమోన్ కచేరీ ఆల్బంలో కూడా ఉంది. నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం డాలీ పార్టన్. 1980 నవంబరులో ఆమె 'నైన్ టు ఫైవ్ అండ్ ఆడ్ జాబ్స్' అనే ఆల్బం తెచ్చింది. ఆల్బమంతా పని గురించి. ఆఫీసులో ఆడవాళ్ళ చాకిరీ, బొగ్గు గనుల చీకటి, వలస కూలీల బతుకు, అన్నీ వరసగా వస్తాయి. వాటి మధ్యలో ఈ పాటని పెట్టింది, మళ్ళీ ఆడదాని నోట. ఆ పాటకి ఆమె చేసిన వ్యాఖ్యానం అంతా ఆ చోటులోనే ఉంది. ఆ ఇల్లు పాపం జరిగే చోటు కాదు, పని జరిగే చోటు. అందులో ఉన్నది చెడిపోయిన పిల్ల కాదు, వేరే పని దొరకని పిల్ల. గని కార్మికుడి కూతురు పాడిన పాట అలా గని పాట పక్కకి తిరిగి చేరింది. ఇరవై ఏళ్ళుగా సెక్స్ వర్క్ గురించి మన పత్రికల్లో మనం చేసుకుంటున్న వాదాలన్నీ గుర్తు తెచ్చుకుని ఆ ఆల్బం వింటే, ఒక పాటని ఎక్కడ పెడతామన్నది కూడా ఒక రాజకీయమే అని అర్థమవుతుంది.

స్త్రీల పాటలు సేకరించే పని మనలో చాలామంది చేస్తున్నాం. నాట్లలో, దంపుళ్ళలో, పెళ్ళిళ్ళలో విన్న పాటల్ని రాసుకుని, వ్యాసాలుగా, పుస్తకాలుగా వేస్తున్నాం. పుస్తకం అట్ట మీద సేకర్త పేరు ఉంటుంది. లోపల పాట కింద 'జానపదం' అని ఉంటుంది, మహా అయితే జిల్లా పేరు ఉంటుంది. పాడినామె పేరు అడిగి రాసుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో అడగడానికి ఇంకో నిమిషం. ఆ రెండు నిమిషాలు ఎంత ముఖ్యమో జార్జియా టర్నర్ కథ చెబుతోంది. లోమాక్స్ మీద మనకి ఎన్ని విమర్శలున్నా, ఆయన ఆ పేరు రాసుకున్నాడు కాబట్టే ఇవాళ నేను ఈ వ్యాసం రాయగలిగాను. రాసుకోకపోయి ఉంటే 'సంప్రదాయం' అనే మాట నిజమైపోయి ఉండేది.

యానిమల్స్ లేబుల్ మీద ఐదు పేర్లు ఉండాల్సిందా, ఒకటే ఉండాల్సిందా అనే తగవు తేలినా తేలకపోయినా పెద్ద తేడా లేదు. హిల్టన్ వాలెంటైన్ 2021లో చనిపోయాడు, చాస్ చాండ్లర్ 1996లోనే పోయాడు. తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఈ పాట వినిపించినప్పుడల్లా అందులో మాట్లాడేది ఎవరని మనం అడగాలి. ఒక పదహారేళ్ళ అమ్మాయి యంత్రం ముందు కూర్చుని, ఆ ఇంటి వైపు వెళ్ళొద్దని చెల్లెలికి చెప్పమంది. ఆ మాట చెల్లెలికి చేరిందా లేదా అన్నది ఇప్పుడు పాట వింటున్న మన మీద ఉంది.